పోలీసమ్మ మెత్తబడిన రోజులు

ఎముకల వార్డులో ఆమెను అసలు పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. పోలీసమ్మ అంటే చాలు, నర్సుల దగ్గర్నుంచి నేల తుడిచేవాళ్ళ దాకా అందరికీ తెలుసు. ఆ పేరు పెట్టింది కాలు విరిగి వచ్చిన ఒక నిజం పోలీసాయనే. ఆపరేషనైన మర్నాడు పొద్దున్నే ఆమె దుప్పటి లాగి, "లేవండి సార్, ఆ కుర్చీ దాకా నడుద్దాం" అంటే ఆయన నోరెళ్ళబెట్టాడు. "ఇన్నాళ్ళూ నేనే పోలీసుననుకున్నాను. అసలు పోలీసమ్మ ఇక్కడుందా!" అన్నాడు. వార్డంతా గొల్లుమంది. పేరు అతుక్కుపోయింది.

ఆమెది ఫిజియోథెరపిస్టు ఉద్యోగం. తుంటి విరిగినవాళ్ళనీ, మోకాళ్ళు మార్పించుకున్నవాళ్ళనీ మంచం మీంచి లేపి నిలబెట్టాలి, నడిపించాలి, గట్టిగా దగ్గించి ఛాతీలో పట్టిన కఫం కదిలించాలి. కోసి కుట్టిన కాలు నేల మీద పెట్టమంటే ఎవరికి మాత్రం సరదా? బతిమాలేవాళ్ళు, తిట్టేవాళ్ళు, శాపనార్థాలు పెట్టేవాళ్ళు. ఒక పెద్దావిడైతే చెయ్యి కొరికేసింది. పోలీసమ్మ మాత్రం చలించేది కాదు. "ఏడవండి, తప్పులేదు. ఏడుస్తూనే నడవండి" అనేది. ఆమె భయం ఆమెది. కదలకుండా పడుకున్న కాలిలో రక్తం గడ్డ కడుతుంది. ఆ గడ్డ ఒక్కసారి కదిలి ఊపిరితిత్తుల్లోకి వెళ్ళిందంటే మనిషి దక్కడం కష్టం. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకసారి చూసింది. ఆ తర్వాత ఆమె చేతుల్లోకి వచ్చినవాళ్ళెవరూ ఆపరేషన్ మర్నాడు మధ్యాహ్నం దాకా పడుకుని ఉన్నది లేదు.

వాళ్ళు తనను తిట్టుకుంటారని ఆమెకు తెలుసు. అయితే అది ఆ నాలుగు రోజుల తిట్టేననీ, ఇంటికి వెళ్ళి రెండు కాళ్ళ మీద నిలబడ్డాక తనను తలుచుకుని ఒక మంచిమాట అనుకుంటారనీ ఆమె నమ్మకం. ఆ నమ్మకంతోనే పళ్ళ బిగువున నెట్టుకొచ్చింది.

అలాంటి రోజుల్లో ఆస్పత్రికి ఒక కొత్త మేనేజరు వచ్చాడు. పేషెంట్ల అనుభవం ఎలా ఉందో చూసుకోవడమే అతని పని. అంతకుముందు పెద్ద హోటల్లో పనిచేశాడట, అందుకని అందరూ హోటలాయన అనేవాళ్ళు. చెడ్డవాడనడానికి లేదు. అతను వచ్చాకే బయట బెంచీల మీద గంటలకొద్దీ పడిగాపులు కాసేవాళ్ళకు తమ వంతు ఎప్పుడో చెప్పే ఏర్పాటు జరిగింది. తడిసిన పక్కబట్టలు అడక్కుండానే మార్చడం మొదలైంది. "ఏయ్ మూడో బెడ్" అని పిలిచే ఆయాలు పెద్దమ్మా, బాబాయ్ అని పిలవడం నేర్చుకున్నారు. హోటలాయన నాన్న ఒకప్పుడు ఏదో ఆస్పత్రిలో అడిగే దిక్కులేక పక్క తడుపుకుని అందులోనే పడుకున్నాడట. మొదటి మీటింగులో ఆ సంగతి చెబుతూ హోటలాయన ఏడ్చేశాడు. పోలీసమ్మ కూడా కళ్ళు తుడుచుకుంది.

ఆ వెనకే చుక్కల మార్కులు వచ్చాయి. రోజూ సాయంత్రం ఒకమ్మాయి ట్యాబ్ పట్టుకుని మంచం మంచానికీ తిరిగేది. డాక్టరు, నర్సు, ఆయా, ఫిజియో, ఎవరు మీతో ఎలా ఉన్నారో చెప్పండి, ఐదు చుక్కల్లో ఎన్నిస్తారు? రాయాలనిపిస్తే రెండు ముక్కలు రాయండి. ఎవరికెన్ని వచ్చాయో స్టాఫ్ రూమ్‌లో టీవీ మీద కనిపించేది.

అట్టడుగున పోలీసమ్మ ఉండేది.

మొదట్లో నవ్వేసింది. ఒకరోజు హోటలాయన తన గదికి పిలిపించాడు. కుర్చీ లాగి కూర్చోబెట్టాడు, తనే నీళ్ళ గ్లాసు అందించాడు.

"మేడమ్, మీ పని గురించి నాకు ఒక్క అనుమానం కూడా లేదు" అన్నాడు. "కానీ మీ దగ్గరకొచ్చేసరికి మనుషులు హడలిపోతున్నారు. నామాట కాదిది, వాళ్ళమాట. ఒకసారి మీరే చూడండి."

కంప్యూటరు ఆమెవైపు తిప్పాడు. ఆమె చదివింది. నొప్పని మొత్తుకుంటున్నా వినలేదు. రాతిగుండె. జైల్లో కూడా ఇలా ఉండదు. ఇవన్నీ ఆమె ఊహించినవే. ఇంకా కిందికి వెళ్ళాక ఒకచోట కళ్ళు ఆగిపోయాయి.

అది టీచరమ్మ రాసింది. రిటైరైన హెడ్‌మిస్ట్రెస్, రెండు మోకాళ్ళకూ ఆపరేషన్ చేయించుకుంది. పోలీసమ్మకు ఆవిడంటే ప్రత్యేకంగా ఇష్టం. ఏడ్చేది కాదు, పెదవి కొరుక్కుని నడిచేది. ఇంటికి వెళ్ళేరోజు పోలీసమ్మ చేతులు రెండూ పట్టుకుని, "నీ మేలు మర్చిపోను తల్లీ" అంది. ఆ మాట ఇంటికి తీసుకెళ్ళి భర్తకు చెప్పుకుంది పోలీసమ్మ. ఇప్పుడు అదే టీచరమ్మ, అదే రోజు రాసిన మాటలు ఎదురుగా ఉన్నాయి: "ఫిజియో అనే ఆ మనిషి గదిలోకి వస్తుంటే నాకు ఒళ్ళు వణికేది. ఆమెకు భయపడి నవ్వుతూ ఉన్నాను. ఇంకెవరి దగ్గరకూ దయచేసి ఆమెను పంపకండి."

ఆమెకు తల కొట్టేసినట్టయింది.

"ఇక నుంచి ఒకటే సూత్రం" అంటున్నాడు హోటలాయన మెల్లగా. "వాళ్ళు వద్దంటే వద్దు. శరీరం వాళ్ళది. నవ్వుతూ అడగండి, కాదంటే నవ్వుతూ వెనక్కి రండి. అంతే."

"లేవకపోతే ప్రమాదం సార్."

"ప్రమాదమని చెప్పండి. చెప్పాక నిర్ణయం వాళ్ళది."

ఆమె తలూపి లేచింది. మనసు టీచరమ్మ దగ్గరే ఆగిపోయింది.

ఆ సాయంత్రం ఇంట్లో అందరూ భోజనాలకు కూర్చున్నప్పుడు జరిగింది చెప్పింది. భర్త లేత్ మిషన్ మీద పనిచేసి వచ్చినవాడు, ఇనుపరజను ఇంకా గోళ్ళలోంచి పోలేదు. "పోనీలెద్దూ, నీకెందుకొచ్చిన గొడవ. వద్దన్నవాళ్ళని వదిలెయ్" అన్నాడు. అత్తగారు మాత్రం కంచంలోంచి తలెత్తి పకపకా నవ్వింది. రెండేళ్ళ కిందట తుంటి విరిగి ఇదే కోడలి చేతుల్లో పడిన మనిషి ఆవిడ.

"నాకు గనక ఆ చుక్కలేవో ఇచ్చుంటే నీకు సున్నా పెట్టేదాన్నే" అంది.

"ఇప్పుడు సందు చివర దాకా పరిగెడుతున్నారుగా అత్తయ్యా!"

"ఇప్పుడు పరిగెడుతున్నాను, ఇప్పుడడిగితే వేరు. అప్పుడు నువ్వొస్తుంటే నిద్రపోతున్నట్టు నటించేదాన్ని. మా అక్కతో ఫోన్లో ఏమన్నానో తెలుసా? నా కొడుకు కోడల్ని తేలేదే, యముడి చెల్లెల్ని తెచ్చాడు అన్నాను."

భర్త పొలమారి దగ్గాడు. అత్తగారు అతని నెత్తిన తట్టింది. అందరూ నవ్వారు, పోలీసమ్మ కూడా నవ్వింది. కానీ ఆ నవ్వు ఆమె గొంతు దాటి లోపలికి దిగలేదు. సొంత మనిషి, పక్కగదిలో పడుకునే మనిషి, తనను చూసి భయపడిందన్నమాట. ఈ రెండేళ్ళూ తనకు తెలియనే లేదు.

మర్నాటి నుంచి ఆమె మెత్తబడింది.

అది అంత కష్టమైన పనేం కాదని తెలిసి ఆమెకే ఆశ్చర్యమేసింది. తలుపు తట్టి లోపలికి వెళ్ళడం, నవ్వడం, "ఈరోజు కొంచెం లేద్దామా?" అనడం. "రేపు చూద్దాంలేమ్మా" అంటే "మీ ఇష్టం, విశ్రాంతి తీసుకోండి" అనేసి దుప్పటి సర్దడం. కొందరు వాళ్ళంతట వాళ్ళే లేచేవాళ్ళు. లేవనివాళ్ళు లేచేవాళ్ళు కాదు. చుక్కలు జరజరా పైకి ఎగబాకాయి. వార్డులోకి వెళ్తే మొహాలు తిప్పుకునేవాళ్ళు ఇప్పుడు "రామ్మా, కూర్చో" అంటున్నారు. మనవళ్ళ ఫొటోలు చూపిస్తున్నారు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఎరగని సుఖం అది. నిజం చెప్పాలంటే ఆమెకు ఆ సుఖం నచ్చింది. భయమేసినప్పుడల్లా, రక్తం పల్చబడే ఇంజక్షన్లు ఎలాగూ ఇస్తూనే ఉన్నారు కదా అని సర్దిచెప్పుకునేది.

ఆ రోజుల్లోనే కండక్టరు వచ్చాడు. బస్సు కండక్టరుగా రిటైరైన మనిషి. ఇంట్లో బల్బు మార్చబోయి స్టూలు మీంచి పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. పెద్ద డాక్టరు ఆపరేషన్ చేసి రాడ్ వేశాడు. కూతురు ఒక్కతే. బేకరీ నడుపుతుంది. పొద్దున్నే చేతికి పిండి మరకలతో వచ్చేది, వార్డంతటికీ వేడి బన్నులు పంచేది. కండక్టరు నోరు తెరిస్తే జోకు. ఇంజక్షన్ పొడిచిన నర్సుతో, "చిల్లర లేదమ్మా, తర్వాత ఇస్తా" అనేవాడు. డాక్టరు రౌండ్స్‌కు వస్తుంటే, "జరగండి జరగండి, ముందు ఖాళీ ఉంది" అని కేకేసేవాడు.

ఆపరేషన్ మర్నాడు పోలీసమ్మ వాకరు తీసుకుని వెళ్ళింది.

"లేద్దామా బాబాయ్?"

కండక్టరు రెండు చేతులూ జోడించాడు. "అమ్మా, నా బతుకంతా నిలబడే గడిచింది. జనం కూర్చుని ప్రయాణం చేశారు, నేను నిలబడి ప్రయాణం చేశాను. ఇన్నాళ్ళకు భగవంతుడు సీటు చూపించాడు. దీన్నుంచి కూడా లేపుతావా?"

ఆమెకు నవ్వాగలేదు. పాత పోలీసమ్మ అయితే నవ్వుతూనే దుప్పటి లాగేసేది. ఈ పోలీసమ్మ వాకరు గోడకు ఆనించి, పక్కనే కూర్చుని బస్సు కబుర్లు విన్నది. ఆ మర్నాడూ అంతే. "నొప్పిగా ఉందమ్మా, రేపు తప్పకుండా" అన్నాడు. సరేనంది. పెద్ద డాక్టరు వార్డులో గబగబా నడిచిపోతూ, "నడుస్తున్నాడా?" అని అడిగాడు. "పేషెంట్ ఇంకా సిద్ధంగా లేరు సార్" అంది నర్సు. "ఊఁ, మొదలుపెట్టించండి" అంటూనే ఆయన పక్క గదిలోకి వెళ్ళిపోయాడు. ఆ మాట ఎవరికి చెప్పాడో ఎవరూ పట్టించుకోలేదు.

మూడోనాడు కూతురు అడిగింది. "అందర్నీ లేపి నడిపిస్తారంట కదండీ, మా నాన్నని ఇంకా లేపలేదే?"

"ఆయన్ని కొంచెం కుదుటపడనీయండమ్మా. బలవంతం చేయకూడదు" అంది పోలీసమ్మ.

"నా తల్లే!" అన్నాడు కండక్టరు మంచం మీంచి. "చూశావా, కూతురివి నువ్వు, నా పక్షం ఆవిడ."

ఆ సాయంత్రం వెళ్ళబోతూ ఒకసారి పలకరించడానికి వస్తే, "ఎందుకో పిక్క పట్టేసి లాగుతోందమ్మా" అన్నాడు. ఆమె పిక్క మీద చెయ్యి వేసి చూసింది. కొంచెం గట్టిగా, వెచ్చగా అనిపించింది. ఆపరేషనైన కాలు వాచడం మామూలే. అయినా నర్సుతో చెప్పింది. నర్సు డ్యూటీ డాక్టరుతో చెబుతానంది. అప్పుడే ట్యాబ్ అమ్మాయి వచ్చింది. కండక్టరు ఐదు చుక్కలూ నొక్కి, తనకు రాయడం రాదని కాదు గానీ కళ్ళజోడు లేదంటూ ఆ అమ్మాయి చేతే రాయించాడు: "ఈ ఆస్పత్రిలో నా మనసు తెలుసుకున్న మనిషి ఈ ఫిజియో అమ్మ ఒక్కతే." పోలీసమ్మ అక్కడే ఉంది. ఆ మాట వింటుంటే ఆమె మొహం వెలిగిపోయింది. ఆ వెలుగులో పిక్క సంగతి మరుగున పడింది. డ్యూటీ డాక్టరు వచ్చాడో లేదో కనుక్కోకుండానే ఇంటికి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున ఆమె వార్డులో అడుగు పెట్టేసరికి కండక్టరు తల దువ్వించుకుని, శుభ్రమైన చొక్కా వేసుకుని కూర్చున్నాడు.

"ఇవాళ లేస్తానమ్మా. నీకోసం. మూడ్రోజులు నా మాట విన్నావు, ఒక్కరోజు నేను నీ మాట వినొద్దూ?"

పిక్క గుర్తుకొచ్చింది. "డాక్టరు రాత్రి చూశారా బాబాయ్?" అని అడిగింది. "ఆఁ, ఎవరో వచ్చారు, ఎవరో వెళ్ళారు" అన్నాడు అతను, అప్పటికే కాళ్ళు కిందికి దించుతూ. ఆపుదామా అనుకుంది. ఇన్నాళ్ళకు ఆయనంతట ఆయనే లేస్తుంటే ఆపడమేమిటి అని కూడా అనుకుంది. నడుముకు బెల్టు కట్టి, చంక కింద చెయ్యి వేసి నిలబెట్టింది. కూతురు బన్నుల బుట్ట పట్టుకుని గుమ్మంలో నిలబడి చప్పట్లు కొట్టింది. చుట్టూ మంచాల మీదివాళ్ళు కూడా కొట్టారు. కండక్టరు గొంతెత్తి "రైట్, రైట్!" అని అరిచి ఒక అడుగు వేశాడు. ఇంకొకటి వేశాడు. ఆగిపోయాడు. ఊపిరి అందనట్టు నోరు తెరిచాడు. మొహంలో రంగు దిగిపోయింది. "అమ్మా, ఏదోలా..." అంటూ ఆమె భుజం మీదికి ఒరిగిపోయాడు.

తర్వాత అంతా పరుగులే. గంటలు మోగాయి, డాక్టర్లు వచ్చారు, ఛాతీ నొక్కారు, ఇంజక్షన్లు పొడిచారు. ఆమె కూడా వంతులేసుకుని నొక్కింది. ఫలితం లేకపోయింది. కాలి గడ్డ ఊపిరితిత్తుల్లోకి వెళ్ళిందన్నారు. కూతురు ఆ గుమ్మంలో అలాగే నిలబడిపోయింది. బుట్టలోని బన్నులు నేల మీద ఎప్పుడు దొర్లాయో ఎవరూ చూడలేదు.

వార్డులో ఆ మాట నిప్పులా పాకింది. అయితే పాకిన మాట వేరు. "నడిపించారు, పోయాడు." అందరూ కళ్ళారా చూశారాయె. అంతసేపూ నవ్వుతూ ఉన్న మనిషి, నేల మీద కాలు పెట్టాడు, కూలిపోయాడు. ఆ రోజు నుంచి పోలీసమ్మ వాకరు తీసుకుని వస్తుంటే జనం దుప్పట్లు మెడ దాకా లాక్కోసాగారు. "వద్దు తల్లీ, నీకు పుణ్యముంటుంది. కండక్టరుగారిని చూశాంగా" అనేవాళ్ళు. పడుకోబెట్టినందుకు గడ్డ కట్టిందనీ, మొదటిరోజే నడిచుంటే బతికుండేవాడేమో అనీ ఆమె చెప్పబోతే వినేవాళ్ళే లేరు.

ఆస్పత్రిలో పెద్ద డాక్టరు మీటింగు పెట్టాడు. నడిచినవాళ్ళకు కూడా గడ్డలు కట్టొచ్చు, ఇంజక్షన్లు ఇచ్చాం, ఎవరి తప్పూ లేదు అన్నాడు. ఆ మాట అబద్ధమేం కాదు. మొదటిరోజే లేపి ఉంటే కండక్టరు బతికేవాడని ఎవరూ ఖాయంగా చెప్పలేరు. పోలీసమ్మకు మాత్రం ఆ "చెప్పలేరు" అన్న మాటే నిద్ర లేకుండా చేసింది. తప్పు తనదని తేలితే ఏడ్చి ఊరుకునేది. కాదని తేలితే లేచి పనిచేసుకునేది. రెండూ తేలలేదు.

కొన్నాళ్ళకు కండక్టరు కూతురు వచ్చింది. ఫిజియో గదిలో ఎవరూ లేరు. పోలీసమ్మ రబ్బరు బంతులు తుడిచి గూట్లో పెడుతోంది. కూతురు బల్ల మీద ఒక కేకు పెట్టె పెట్టింది.

"మీకు థాంక్స్ చెబుదామని వచ్చానండీ" అంది. "పోయేముందు నాన్న సంతోషంగా ఉన్నాడు. మీరొక్కరే ఆయన్ని కష్టపెట్టలేదు. మీ పేరే చెప్పుకునేవాడు. ఆ ఒక్కటే నాకు తృప్తి."

పోలీసమ్మ ఊరుకుని ఉండొచ్చు. తల ఊపి, రెండు ఓదార్పు మాటలు చెప్పి పంపించేయొచ్చు. ఆ పిల్ల ఆ తృప్తితో బతికేది. కానీ ఆమె చేతిలో బంతి గూట్లో పెట్టేసి ఆ పిల్ల వైపు తిరిగింది.

"అమ్మా, నేను మీ నాన్నని మొదటిరోజే లేపాల్సింది" అంది.

కూతురికి అర్థం కాలేదు.

"లేపి ఉంటే గడ్డ కట్టకుండా ఉండేదేమో. ఖాయంగా చెప్పలేను. కానీ అందర్నీ లేపేదాన్ని, ఆయన్ని లేపలేదు. పిక్క లాగుతోందని నాతో చెప్పారు. నర్సుకు చెప్పి వెళ్ళిపోయాను, ఏమైందో కనుక్కోలేదు."

"ఎందుకు లేపలేదు?"

"ఆయన వద్దన్నారు."

కూతురి గొంతు హెచ్చలేదు. "మా నాన్న అన్నీ వద్దనేవాడు. చిన్నప్పట్నుంచీ అంతే. మాత్ర వద్దు, ఇంజక్షన్ వద్దు, ఆపరేషనే వద్దన్నాడు. ఆ వద్దులన్నీ ఎవరూ వినలేదు కదండీ? నవ్వుతూనే పొడిచారు, నవ్వుతూనే కోశారు. మీరు మాత్రం ఎందుకు విన్నారు?"

పోలీసమ్మ నోటికి చాలా జవాబులు వచ్చాయి. సూత్రం, మీటింగు, హోటలాయన. అవేవీ చెప్పలేదు. "నన్ను తిట్టుకుంటారని" అంది.

కూతురు పెట్టె వెనక్కి తీసుకోవాలా వద్దా అన్నట్టు దాని మీద చెయ్యి వేసింది. తీసుకుంది.

"మీరు చెప్పకుండా ఉండాల్సింది" అంది గుమ్మం దగ్గర ఆగి. "మీ గుండె బరువు దించుకోవడానికి చెప్పారు. ఇప్పుడది నా మీద పడింది. ఆ మూడ్రోజులూ నేనూ అక్కడే ఉన్నాను కదా."

ఆమె వెళ్ళిపోయాక పోలీసమ్మ మళ్ళీ బంతులు తుడవడం మొదలుపెట్టింది. తుడిచినవే తుడిచింది.

ఆ తర్వాత హోటలాయన దగ్గరకు వెళ్ళింది. ఈసారి పిలవకుండానే వెళ్ళింది, కూర్చోలేదు. "సార్, వద్దంటే వద్దు అనే సూత్రం మార్చండి. వద్దన్నవాళ్ళ దగ్గరకు మళ్ళీ మళ్ళీ వెళ్ళాలి. భయం పోయేదాకా కూర్చుని చెప్పాలి, అవసరమైతే కసరాలి. అందుకు చుక్కలు తగ్గితే తగ్గనివ్వండి. మీ నాన్నగారిని ఎవరూ పట్టించుకోలేదని మీరు బాధపడ్డారు. ఇప్పుడు నేనూ ఆ పనే చేశాను సార్, నవ్వుతూ చేశాను."

హోటలాయన మొహం పాలిపోయింది. "పైవాళ్ళతో మాట్లాడతాను మేడమ్" అన్నాడు. మాట్లాడాడు కూడా. దాన్ని కాదనడానికి లేదు. పైవాళ్ళు ఆలోచించారు. పేషెంట్లకు నడకంటే భయం పట్టుకుందని ట్యాబ్‌లో కనిపిస్తోంది, ఆ భయం పోగొట్టాలి అనుకున్నారు. కొత్త ఏర్పాటు వచ్చింది. ఇకమీదట ఫిజియోథెరపిస్టు తనంతట తాను వార్డులోకి వెళ్ళకూడదు. నడవాలనిపించిన పేషెంటు మంచం పక్కనున్న మీట నొక్కాలి. నొక్కితే ఫిజియో గదిలో గంట మోగుతుంది, అప్పుడు వెళ్ళాలి.

నొక్కినవాళ్ళు ఎందరని? కోసిన కాలితో పడుకుని, నాకు నొప్పి పెట్టమ్మా అని గంట కొట్టి పిలుచుకునేవాళ్ళు ఎవరుంటారు? పోలీసమ్మ గదిలో కూర్చునేది. ఎప్పుడైనా వార్డు ముందునుంచి వెళ్తే లోపల చల్లగా, శుభ్రంగా, ప్రశాంతంగా ఉండేది. కేకల్లేవు, ఏడుపుల్లేవు. చూడవచ్చినవాళ్ళు "ఎంత బాగా చూసుకుంటున్నారో" అనుకునేవాళ్ళు. పట్టపగలు, ఎండ కిటికీల్లోంచి మంచాల మీద పడుతుండగా అందరూ వెల్లకిలా పడుకుని ఉండేవాళ్ళు. ఎవరెన్ని రోజులుగా పడుకుని ఉన్నారో ఆమె లెక్కపెట్టుకునేది.

కొద్దిరోజులు చూసింది. ఒకరోజు ఇక పట్టలేక వాకరు తీసుకుని, గంట మోగకుండానే వార్డులోకి వెళ్ళింది.

కిటికీ పక్క మంచంలో ఒక దర్జీ ఆవిడ ఉంది. తుంటి ఆపరేషనై రెండ్రోజులైంది. బక్కగా, నల్లగా, పదునైన చూపుతో ఉంది.

"నేను పిలవలేదే!" అంది.

"తెలుసు పెద్దమ్మా."

"మరెందుకొచ్చావు? ఆ కండక్టరుని చంపింది నువ్వేగా?"

పోలీసమ్మ పక్కనే కూర్చుంది. "అవునో కాదో నాకూ తెలీదు. కానీ ఆయన్ని నడిపించి చంపలేదు. మూడ్రోజులు పడుకోనిచ్చాను. మీరూ రెండ్రోజులు పడుకున్నారు. ఇక పడుకోనివ్వను" అంది. గడ్డ ఎలా కడుతుందో, ఎక్కడికి వెళ్తుందో ఓపిగ్గా చెప్పింది. నొప్పి మాత్ర వేయించి, అది పనిచేసేదాకా కూర్చుంది. పిక్కలు రెండూ తడిమి చూసింది, నర్సును పిలిచి చూపించింది, డ్యూటీ డాక్టరును స్వయంగా చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి చూపించింది. ఫరవాలేదన్నాక దుప్పటి తీసింది.

"వద్దు" అంది దర్జీ ఆవిడ.

"విన్నాను పెద్దమ్మా. లేవండి."

ఆవిడ అరిచింది. తిట్టింది. నీ చేతులు పడిపోనూ అంది. పోలీసమ్మ చంకలో చెయ్యి వేసి లేపింది. ఆవిడ నిలబడింది, కళ్ళమ్మట బొటబొటా నీళ్ళు కారాయి, కిటికీ దాకా ఆరేడడుగులు వేసి కుర్చీలో కూలబడింది. వార్డంతా చూసింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

మర్నాడూ వెళ్ళింది. ఆ మర్నాడు వెళ్ళేసరికి ఆవిడ కొడుకు మంచం దగ్గర కాపు కాసి ఉన్నాడు. "మా అమ్మని ఏడిపించడానికి నీకెవరిచ్చారు హక్కు?" అని గొంతు చించుకున్నాడు. "మీకు పెద్దమ్మ బతికి ఇంటికి రావాలా, ఏడవకుండా ఉండాలా?" అని ఆమె ఎదురడిగింది. అలా అడగకూడదు, అది ఆమెకూ తెలుసు. ఆ కోపం అతని మీద కాదు. అతను తిన్నగా హోటలాయన దగ్గరకు వెళ్ళాడు. ఆ పక్క మంచాల వాళ్ళు ఇద్దరు తోడు వెళ్ళారు. ఆమె కోసం ఒక్కసారి కూడా గంట కొట్టని వార్డు మొత్తం ఆ సాయంత్రం పోలీసమ్మకు ఒక్కొక్క చుక్క పెట్టింది.

ఆమెను కింది అంతస్తుకు మార్చారు. అక్కడ బెణికిన భుజాలకు వేడి కాపడం పెట్టడం, ఆటలాడి మోకాలు తిప్పుకున్న కుర్రాళ్ళతో సాగదీతలు చేయించడం పని. "మీకు హాయిగా ఉంటుంది మేడమ్" అన్నాడు హోటలాయన, ఆమె కళ్ళల్లోకి చూడకుండా. పైవార్డుకు నెమ్మదైన అమ్మాయి ఒకతి వచ్చింది. గంట మోగితేనే వెళ్తుంది. ఇంట్లో భర్త "పీడా పోయింది" అన్నాడు. అత్తగారు మాత్రం అన్నం తిని లేచి, వాకిట్లో కాసేపు అటూ ఇటూ నడిచి, లోపలికొచ్చి పడుకుంది.

ఒకరోజు మధ్యాహ్నం పోలీసమ్మ కింద హాల్లో మందుల కౌంటర్ దగ్గర నిలబడి ఉంటే లిఫ్టు తలుపు తెరుచుకుంది. దర్జీ ఆవిడ బయటికొచ్చింది. ఇంటికి వెళ్తోంది. వీల్‌చైర్ పట్టుకుని ఆయా వెనకే వస్తోంది గానీ అది ఖాళీగా ఉంది. ఆవిడ వాకరు మీద తనంతట తానే నడుస్తోంది. ఒక్కో అడుగే, గట్టిగా, కుదురుగా. పక్కన కొడుకు సంచి మోస్తున్నాడు.

పోలీసమ్మ కనిపించగానే ఆవిడ ఆగింది. పెదవులు బిగించింది. కొడుకు ఏదో అనబోతే చేత్తో వారించి, మొహం అటు తిప్పుకుని, మెట్ల దారి వదిలి వాలుదారి మీదుగా నడుచుకుంటూ వెళ్ళిపోయింది.

కౌంటర్లో కుర్రాడు "మేడమ్, మీ నొప్పి స్ప్రే" అని రెండుసార్లు పిలిచాడు. ఆమె తీసుకుని మోకాలు బెణికిన కుర్రాడి దగ్గరకు వెళ్ళింది. "ఎలా ఉందమ్మా?" అని నవ్వుతూ అడిగింది.